పచ్చబొట్టు పొడిచిన చేతికి పేరేది?

'తొలి మహిళా టాటూ ఆర్టిస్ట్' అన్న శీర్షిక ఈ మధ్య తరచుగా కనిపిస్తోంది. ఒక్కో నగరానికి ఒక్కో తొలి మహిళ. మగవాళ్ల వృత్తిలోకి ధైర్యంగా అడుగుపెట్టిన వనితగా ఆమెను పరిచయం చేస్తారు. ఇంట్లో ఎదురైన అభ్యంతరాలు, బంధువుల విసుర్లు, చివరికి సొంత స్టూడియో, ఇదీ కథ. ఆ యువతుల కష్టాన్ని తక్కువ చేసి చూడవలసిన అవసరం లేదు. నా అభ్యంతరమల్లా ఆ 'తొలి' అన్న విశేషణంతోనే. తెలుగు నేల మీద మనిషి చర్మంపై సూదితో బొమ్మ గీయడం తరతరాలుగా ప్రధానంగా స్త్రీల వృత్తి. ఆ స్త్రీలు ఊరూరా తిరిగారు. వాకిలి వాకిలికీ వెళ్లారు. లెక్కలేనన్ని చేతుల మీద చెరగని గుర్తులు వేశారు. వారిని ఆర్టిస్టులని ఎవరూ అనలేదు. ఎందుకు అనలేదన్న ప్రశ్నకు జవాబు కళాశాస్త్రంలో దొరకదు, కులవ్యవస్థలో దొరుకుతుంది.

ఎవరా స్త్రీలు? మైదాన ప్రాంతాల్లో పచ్చబొట్టు అనగానే మొదట గుర్తుకు రావలసింది ఎరుకల స్త్రీ. ఎరుకలవారు తమలో తాము కుర్రు భాష మాట్లాడుకుంటారు. ఆ భాషకు తమిళంతో దగ్గరి చుట్టరికం. చేసే పనిని బట్టి వారిలో దబ్బ ఎరుకలు, ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, కుంచె ఎరుకలు వంటి శాఖలు ఏర్పడ్డాయి. బుట్టలు అల్లారు, ఉప్పు మోశారు, పందులు పెంచారు. స్త్రీలు సోది చెప్పారు, పచ్చబొట్లు పొడిచారు. సోది చెప్పే ఎరుకలసానికి యక్షగానాల్లో పాత్ర దక్కింది. అదే స్త్రీ చేతిలోని సూదికి మాత్రం అంతటి చోటు దక్కలేదు.

ఆదిలాబాద్ అడవుల్లో ఈ పని తోటి స్త్రీలది. నేడు కొన్ని వేలకు మించని ఈ తెగలో పురుషులు రాజ్‌గోండుల వంశగాథలను గానం చేస్తారు, కిక్రి వాయిస్తారు. వారి స్త్రీలు గోండు ఆడపడుచులకు పచ్చబొట్లు పొడిచారు. నిజాం పాలన చివరి దశలో ఆ ప్రాంతంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రచనలు గోండు, తోటి సంబంధాలను విపులంగా నమోదు చేశాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తోటి భర్త చేతిలోని కిక్రిని మనం జానపద కళ అంటాం. తోటి భార్య చేతిలోని సూదిని ఆచారం అంటాం. కళ అంటే దాని వెనుక కళాకారుడు ఉండాలి. ఆచారానికి కర్త అక్కరలేదు. ఒకే గుడిసెలోని రెండు నైపుణ్యాలకు మన భాష వేసిన ఈ తూకంలో కులంతో పాటు పితృస్వామ్యం కూడా పనిచేసింది.

ఆ స్త్రీల వృత్తి జీవితాన్ని, నేటి మాటలో కెరీర్‌ను, ఒకసారి పరిశీలిద్దాం. తల్లి దగ్గరో అత్త దగ్గరో నేర్చుకోవడంతో అది మొదలయ్యేది. మూడు నాలుగు సూదులను దారంతో కలిపి కట్టడం, ఎంత లోతుకు దించాలో వేలికొసలతో గ్రహించడం తొలి పాఠాలు. పైపొరలోనే ఆగితే బొట్టు కొద్ది వారాల్లో రాలిపోతుంది. మరీ లోతుకు పోతే పుండవుతుంది. ఆ రెండింటికీ నడుమ ఉన్న పొరలో నిలిస్తేనే జన్మంతా ఉంటుంది. దీపపు మసిని ఆకు పసరుతోనో, కొన్నిచోట్ల తల్లిపాలతోనో కలిపి రంగు చేసేవారు. నల్లటి మసి చర్మం కిందికి చేరాక కాంతి ప్రసరించే తీరు వల్ల పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. మన భాష దానికి పచ్చబొట్టు అని పేరు పెట్టింది అందుకే. రంగు రేణువులను చర్మంలోని రక్షణ కణాలు మింగి నిలుపుకుంటాయనీ, ఒక కణం చనిపోతే అది వదిలిన రంగును మరో కణం అందుకుంటుందనీ ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకలపై జరిపిన ప్రయోగాలతో 2018లో వివరించారు. ఆ రేణువులు ఏ లోతున నిలుస్తాయో అంతకు ఎన్నో తరాల ముందే సూది పట్టిన చేతులకు తెలుసు.

పొడుస్తున్నంత సేపూ నొప్పి మరిపించడానికి పాట పాడేవారు. చుక్కలు, ముగ్గు గీతలు, తులసికోట, తేలు మొదలుకొని అన్నదమ్ముల పేర్లు, భర్త పేరు దాకా వారి పనిలో ఉండేవి. చదువు దక్కని స్త్రీ అక్షరాన్ని బొమ్మగా నేర్చుకుని, చదువు దక్కని మరో స్త్రీ చేతి మీద రాసింది. పంట ఇంటికొచ్చే రోజుల్లో ఊళ్లు, ఆ తరువాత జాతరలు, ఇదీ వారి ఏటి ప్రయాణం. ప్రతిఫలం చేటెడు గింజలో, పాత చీరో, నాలుగు డబ్బులో. శిక్షణ, పనిముట్టు, సొంత సిరా, నమూనాలు, ఖాతాదారులు, ఏటేటా తిరిగే దారి. ఒక వృత్తికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. లేనిదల్లా సమాజం ఇచ్చే హోదా.

ఈ పనికి మరో ప్రత్యేకత ఉంది. మడి, మైల లెక్కలతో నడిచిన ఊరిలో దాదాపు ప్రతి వృత్తికీ దూరం పాటించే వీలుంది. గింజలను పైనుంచి చేటలో పోయవచ్చు, బుట్టను నేల మీద పెట్టించి తీసుకోవచ్చు. పచ్చబొట్టుకు ఆ వీలు లేదు. చేయి చేతిలో పెట్టాలి, నెత్తురు చిందాలి, ఆ నెత్తురును పొడిచిన మనిషే తుడవాలి. వాకిలి దాటి లోపలికి రానివ్వని మనిషికి ఆ కాసేపు తన శరీరాన్ని అప్పగించిన గృహిణి, పని పూర్తయ్యాక మళ్లీ దూరం జరిగింది. చచ్చినా వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని నమ్మిన సమాజం అది. అంతటి శాశ్వతమైన గుర్తును ఇచ్చిన మనిషి పేరును మాత్రం గుర్తుంచుకోలేదు.

హైదరాబాద్‌లో ఈ చరిత్ర ఇంకా కంటికి కనిపించే చోటు పాతబస్తీ. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి ఆలయం దగ్గర బోనాల వరుసలో నిలబడి చూస్తే చాలు. తలపై బోనాన్ని పట్టుకోవడానికి చేయి పైకెత్తిన ప్రతి ముసలమ్మ ముంజేతి మీదా ఆకుపచ్చ చుక్కలు బయటపడతాయి. ఉప్పుగూడలో, గౌలిపురాలో ఇదే దృశ్యం. బతుకుతెరువు కోసం జిల్లాల నుంచి పట్నం వచ్చిన బహుజన కుటుంబాల స్త్రీలు తమ ఊళ్లను ఇలా చేతుల మీద మోసుకొచ్చారు. ఏటా నా తరగతిలో విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతాను: మీ నానమ్మ చేతి మీది పచ్చబొట్టు ఎవరు పొడిచారు? బొమ్మ ఏమిటో చెబుతారు, ఏ వయసులో పొడిపించుకుందో ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటారు. పొడిచిన మనిషి దగ్గరికి వచ్చేసరికి వినిపించే మాట ఒక్కటే, 'ఎవరో ఎరుకలామె'. పొడిపించుకున్న నానమ్మకు పేరుంది. పొడిచిన స్త్రీకి కులం మాత్రమే ఉంది.

లాల్‌దర్వాజా నుంచి చార్మినార్ వైపు నడిస్తే లాడ్‌బజార్ వస్తుంది. శాశ్వతమైన పచ్చబొట్టును ఇస్లాం సమ్మతించదు కనుక అక్కడి ముస్లిం ఆడపడుచుల చేతులకు అలంకారం గోరింట, లక్కగాజులు. హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. పేద ముస్లిం కార్మికుల చెమటతో నిలిచిన ఆ వృత్తికి అది ఆలస్యంగానైనా దక్కిన న్యాయం. అయితే ఆ గుర్తింపు పొందడానికి ఒక ప్రాంతం కావాలి, ఒక సంఘం కావాలి, దరఖాస్తు కింద చిరునామా కావాలి. లాడ్‌బజార్‌కు అవి ఉన్నాయి. సంచారమే జీవనమైన ఎరుకల స్త్రీకి ఏ వీధి చిరునామా రాయాలి? తిరుగుతూ బతికే వారి నైపుణ్యాన్ని కొలిచే కొలమానం మన చట్టాల్లో లేదు.

పైగా, ఆ తిరగడాన్నే మన చట్టాలు నేరమన్నాయి. శరీరం మీద గుర్తు వేయడానికి, రాజ్యానికి ఉన్న బంధం పాతది. ఈస్టిండియా కంపెనీ 1797లో బెంగాల్‌లో శిక్ష పడిన ఖైదీల నుదుటి మీద నేరం పేరును పచ్చబొట్టుగా పొడిపించే నిబంధన తెచ్చింది. 1849లో దాన్ని రద్దు చేశారు. నుదుటి రాత పోయి రెండు దశాబ్దాలు గడిచాక, ఏకంగా జాతుల మీదే ముద్ర వేసే చట్టం వచ్చింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మొదట ఉత్తర భారతంలో అమలైంది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. అప్పటికే రైళ్లు, రోడ్లు, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి ఎరుకల ఉప్పు వ్యాపారాన్ని దెబ్బతీశాయని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన 'డిసానర్డ్ బై హిస్టరీ' గ్రంథంలో నిరూపించారు. బతుకుతెరువు పోగొట్టుకున్న వారినే దొంగలన్నారు. 1913లో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టువర్టుపురం సెటిల్‌మెంట్ వెలిసింది. అక్కడి శ్రమ చీరాల పొగాకు కర్మాగారానికి అక్కరకు వచ్చింది. నిజాం రాజ్యంలోనూ ఎరుకలు, లంబాడీల వంటి సంచార జాతులపై ఇదే తరహా నిఘా సాగింది.

1911 చట్టంలో నమోదైన జాతుల వారి వేలిముద్రలు తీసుకునే అధికారం ఉంది. ఈ వైరుధ్యాన్ని మనసుకు పట్టించుకోవాలి. ఊరి ఆడవాళ్ల చేతుల మీద బొమ్మలు వేసిన జాతి, పోలీసు రికార్డులో తన వేలిముద్ర వేయవలసి వచ్చింది. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటితే నేరమైనప్పుడు పచ్చబొట్టు వృత్తికి ప్రాణమైన ఊరూరి ప్రయాణమే నేరమైంది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది, కానీ అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో దాని నీడ మిగిలింది. తెలంగాణ ప్రాంత ఎరుకలు వెనుకబడిన తరగతుల జాబితా నుంచి షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి మారడానికి 1976 నాటి సవరణ చట్టం రావలసి వచ్చింది. జైలు నియమావళుల్లోని కుల వివక్షను కొట్టివేస్తూ సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో తీర్పు ఇచ్చింది 2024 అక్టోబర్‌లో. విముక్త జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే ధోరణిని ఆ తీర్పు తప్పుబట్టింది. చట్టం రద్దయిన 72 ఏళ్ల తరువాత కూడా ఆ మాట చెప్పవలసి రావడమే మన స్థితికి సాక్ష్యం.

అదే కాలంలో సముద్రం అవతల ఏం జరిగిందో చూస్తే 'తొలి' అన్న మాట ఎలా తయారవుతుందో అర్థమవుతుంది. అమెరికాలో తొలి మహిళా టాటూ కళాకారిణిగా చరిత్ర మాడ్ వాగ్నర్‌ను గుర్తిస్తుంది. 1877లో పుట్టిన ఆమె సర్కస్ కళాకారిణి. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో గస్ వాగ్నర్ అనే టాటూ కళాకారుడిని కలుసుకుని ఆ విద్య నేర్చుకుంది. విద్యుత్ టాటూ యంత్రానికి న్యూయార్క్‌లో శామ్యూల్ ఓ రైలీ 1891లోనే పేటెంట్ పొందినా, ఆమె మాత్రం చేతిసూదితోనే పొడిచింది. అంటే మన ఎరుకల స్త్రీ పద్ధతే. మాడ్‌కు ఫొటో ఉంది, పేరుంది, చరిత్రలో స్థానం ఉంది. ఆ ఏళ్లలోనే మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. ఎరుకల, కొరవ స్త్రీల పచ్చబొట్టు పని అందులో నమోదైంది. అయితే ఆ సంపుటాలు మనుషులను కాదు, జాతుల నమూనాలను నమోదు చేశాయి. మాడ్ వాగ్నర్ వ్యక్తి అయింది, ఎరుకల స్త్రీ నమూనా అయింది.

సెయింట్ లూయిస్ ప్రదర్శనకు మరో ముఖం ఉంది. ఫిలిప్పీన్స్ కొండజాతుల మనుషులను తెచ్చి అక్కడ ప్రదర్శన వస్తువులుగా నిలబెట్టారు. ఆ కొండల్లోనే, కళింగ ప్రాంతంలోని బుస్కలాన్ గ్రామంలో, 1917లో పుట్టిన వాంగ్ ఓడ్ ముల్లుతో, మసితో పచ్చబొట్లు పొడిచే వృత్తిని జీవితమంతా కొనసాగించింది. 2023 ఏప్రిల్‌లో, 106 ఏళ్ల వయసులో, వోగ్ ఫిలిప్పీన్స్ పత్రిక ఆమెను ముఖచిత్రంగా వేసింది. ఆ దేశం ఆమెను జాతీయ పురస్కారాలతో సత్కరించింది. మనవరాళ్ల వరసైన అమ్మాయిలు ఆమె దగ్గర ఆ విద్య నేర్చుకున్నారు. ఒకనాడు వింతగా చూపించిన చర్మాన్ని ఆ దేశం నేడు వారసత్వంగా చూస్తోంది. ఆ కొండ గ్రామానికి పర్యాటకుల తాకిడి తెచ్చిన చిక్కులూ ఉన్నాయి. అయినా పేరు లేకపోవడం కంటే ఆ చిక్కులను ఎదుర్కోవడం మేలు.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. బిహార్‌లోని మిథిలలో దుసాధ్ దళిత స్త్రీలు నట్ స్త్రీలు పొడిచే గోద్నా బొమ్మలను 1970ల్లో కాగితం మీదికి తెచ్చారు. అగ్రవర్ణ ఇళ్ల మధుబని చిత్రాల్లోని దేవుళ్లు తమకు అందని చోట, తమ చేతుల మీది గుర్తులనే శైలిగా మలిచారు. ఆ దారి వేసిన వారిలో చానో దేవి ముఖ్యురాలు. ఆ గోద్నా శైలి చిత్రకారులు శాంతిదేవి, శివన్ పాశ్వాన్ దంపతులకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కూడా చర్మం మీద పొడిచిన నట్ స్త్రీల పేర్లు చరిత్రకు ఎక్కలేదన్నది నిజమే. కానీ ఆ గుర్తులు కళ అన్న మాట స్థిరపడింది. తెలంగాణలో గుస్సాడీ కనకరాజుకు 2021లో, కిన్నెర మొగులయ్యకు, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో, బుర్రవీణ దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీలు వచ్చాయి. అణగారిన కళలకు దక్కిన గౌరవంగా వాటిని మనం పండుగ చేసుకున్నాం. ఈ నలుగురూ పురుషులే. సైన్యంలో చేరే గిరిజన యువకుల ఒంటి మీది సంప్రదాయ పచ్చబొట్లకు నియామక నిబంధనలు మినహాయింపు ఇస్తాయి. పచ్చబొట్టును గుర్తించిన రాజ్యం, దాన్ని పొడిచిన స్త్రీని గుర్తించలేదు.

ఈలోగా సూది స్థానంలో యంత్రం వచ్చింది. జాతరల్లో, ఫుట్‌పాత్‌ల మీద చిన్న మోటారు యంత్రంతో పేర్లు రాసేవారు, నేను చూసినంతలో, ఎక్కువగా మగవాళ్లే. మరోవైపు బంజారాహిల్స్ వంటి చోట్ల అద్దాల స్టూడియోలు వెలిశాయి. నేరస్థ ముద్ర మోసిన లంబాడీల పేరు పెట్టుకున్న ఆ కొండల మీద ఇవాళ 'ట్రైబల్ డిజైన్' పేరుతో చుక్కలు, తేళ్లు వేలాది రూపాయలకు అమ్ముడవుతున్నాయి. పని అదే, శరీరం మీది గుర్తూ అదే. మారిందల్లా పొడిచే మనిషి కులం, కూర్చునే కుర్చీ, ఇచ్చే రసీదు. ఒక వృత్తి కింది కులం చేతిలో ఉన్నంత కాలం యాచనకు మరో పేరు. అది పై కులాల చేతికి చేరిన రోజున సృజన, అంకుర పరిశ్రమ, 'తొలి' అడుగు. వంటకాలు, నాట్యం, చేనేత, వాద్యాలు, అన్నింటి విషయంలోనూ ఈ దారి మనం చూసిందే.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. ఒకటి, కష్టంతో, అవమానంతో నిండిన వృత్తిని ఇంత గొప్ప చేయడం దేనికని. ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. పచ్చబొట్టు పొడిపించుకున్న చిన్నపిల్లల సమ్మతిని ఎవరూ అడగలేదు. గింజల కోసం ఎండలో నడిచిన ఎరుకల తల్లి తన కూతురిని బడికి పంపడం సరైన నిర్ణయం. ఆ కూతురు ఉపాధ్యాయురాలో, నర్సో, న్యాయవాదో కావాలి. ఎవరినీ తిరిగి సూది పట్టమని కోరడం నా ఉద్దేశం కాదు. వదిలేసిన వృత్తిలోని జ్ఞానాన్ని తమదిగా చెప్పుకునే హక్కు ఆ కూతురికి ఉండాలన్నదే నా వాదన. రెండో అభ్యంతరం ఆరోగ్యం గురించి. ఒకే సూదిని అనేకమందికి వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ వంటివి సోకుతాయన్న హెచ్చరిక శాస్త్రీయమైనదే. కానీ అదే ప్రమాదం మంగలి కత్తితోనూ ఉంది. అక్కడ బ్లేడు మార్చమని చెప్పాం, ఆ వృత్తి నిలబడింది. పచ్చబొట్టు స్త్రీకి సూది మార్చడం నేర్పే బదులు ఆమెను ఊరి నుంచి దూరం పెట్టాం.

కనుక చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. హైదరాబాద్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది, మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది, విశ్వవిద్యాలయాల్లో జానపద విజ్ఞాన శాఖలున్నాయి. ఇంకా జీవించి ఉన్న ఎరుకల, తోటి పచ్చబొట్టు కళాకారిణులను వెతికి, వారి పేర్లతో, వారి మాటల్లో, వారి నమూనాలను నమోదు చేయాలి. ఆ నమూనాలను వ్యాపారానికి వాడుకునేవారు మూలాన్ని పేర్కొనాలి, ఫలంలో వాటా ఇవ్వాలి. ఆసక్తి ఉన్న ఎరుకల, తోటి యువతులకు పారిశుద్ధ్య శిక్షణ, సురక్షితమైన పరికరాలు, లైసెన్సు ఇచ్చి నగరంలో చోటు కల్పించాలి. కళాకారుల పింఛన్లు, పురస్కారాల జాబితాల్లో పాటతో, వాద్యంతో పాటు సూదికీ చోటు ఉండాలి.

ఇందులో మొదటి పనికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. పొడిచిన స్త్రీలు వృద్ధులవుతున్నారు. పొడిపించుకున్న స్త్రీలు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. ఆ గుర్తులు ఒంటితోనే వెళ్లిపోతాయి కనుక మ్యూజియంలో దాచడానికి వస్తువంటూ ఏమీ మిగలదు. మిగలగలిగేది జ్ఞాపకం ఒక్కటే. ఈ వ్యాసం చదువుతున్న విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లోని పెద్దావిడ దగ్గర కూర్చుని అడగండి. ఈ పచ్చబొట్టు ఎవరు పొడిచారు, ఏ ఊరి నుంచి వచ్చేది, ఏమని పిలిచేవారు? పేరు గుర్తుకొస్తే రాసి పెట్టండి. నగరానికో తొలి మహిళను వెతికే పని ఆ పేర్ల జాబితా తయారయ్యాక చేద్దాం.